ఓడినవారి మాట, గెలిచినవారి మాట

కన్సెషన్ అనగానే మన హాస్టల్లో ఎవరికైనా గుర్తొచ్చేది బస్ పాసు. రాజకీయశాస్త్రంలో ఇదే మాటకు ఇంకో అర్థం ఉంది. ఎన్నికల్లో ఓడిన అభ్యర్థి "నేను ఓడిపోయాను, అవతలివారు గెలిచారు" అని నలుగురి ముందు చెప్పడాన్ని కూడా కన్సెషన్ అనే అంటారు. ఎం.ఏ. క్లాసులో ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నాతో పాటు వెనక బెంచీ మొత్తం నవ్వింది. ఓడిపోతే ఓడిపోయాడు, అది వచ్చి చెప్పడం ఏమిటి, ఓట్లు లెక్కపెట్టిన అధికారి చెప్తాడు కదా అని మా అనుమానం. ఆ అనుమానానికి జవాబు వెతుకుతూ పోతే కొన్ని సంగతులు తెలిశాయి. వాటిని మన హాస్టల్ వార్షికోత్సవ సంచిక చదివే తమ్ముళ్లకు, అన్నలకు చెబుదామని ఈ వ్యాసం.

ఈ ఆచారం బాగా పాతుకుపోయింది అమెరికాలో. దానికి కారణం ఆ దేశపు ఎన్నికల పద్ధతిలోనే ఉంది. మన దేశంలో ఎన్నికల సంఘం ఒకటే. అక్కడ 50 రాష్ట్రాలు ఎవరి ఓట్లు వారే లెక్కపెట్టుకుంటాయి. పోలింగు నవంబరులో జరుగుతుంది. ఆ ఓట్లతో ఎన్నికైన ఎలక్టర్లు డిసెంబరులో ఓటేస్తారు. ఆ ఓట్లను జనవరి 6న పార్లమెంటులో, అంటే వాళ్ల కాంగ్రెస్‌లో, విప్పి లెక్కిస్తారు. జనవరి 20న కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారం. పోలింగు నాటి రాత్రి "ఫలానావారు గెలిచారు" అని దేశం మొత్తానికి చెప్పే అధికారి ఎవరూ ఉండరు. టీవీ చానళ్లు అంచనా వేసి చెబుతాయి, అంతే. చానల్ మాట చట్టం కాదు కదా! మరి నవంబరు నుంచి జనవరి దాకా జనం ఎవరి మాట నమ్మాలి? ఆ ఖాళీని నింపేదే ఓడినవారి మాట. అలా చెప్పాలని ఏ చట్టమూ లేదు. చెప్పినంత మాత్రాన చట్టం దృష్టిలో ఏదీ మారదు. అయినా ఆ ఒక్క మాటతో దేశం పడుకుని నిద్రపోతుంది.

దీనికి ఆద్యుడిగా చెప్పుకునేది విలియం జెన్నింగ్స్ బ్రయాన్‌ని. 1896లో ఆయన మెకిన్లీ చేతిలో ఓడిపోయారు. అప్పటికి ఆయన వయసు 36 ఏళ్లే. పోలింగు అయిన రెండు రోజులకు మెకిన్లీకి టెలిగ్రాం పంపారు. అభినందనలు చెప్పి, విషయాన్ని ప్రజల ముందు పెట్టాం, వారి నిర్ణయమే చట్టం అని అందులో రాశారు. 1900లోనూ 1908లోనూ పోటీచేసి మళ్లీ ఓడారు కాబట్టి ఆయనకు ఈ పనిలో చేయి బాగా తిరిగే ఉంటుంది. 1916లో చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ అనే అభ్యర్థి మాత్రం విల్సన్‌కు టెలిగ్రాం పంపడానికి రెండు వారాలు తీసుకున్నారు. కాలిఫోర్నియాలో నాలుగు వేల లోపు ఓట్లతో ఫలితం తారుమారైంది మరి. ఆ టెలిగ్రాం అందేసరికి కాస్త పురుగు కొట్టింది గాని అక్షరాలు కనబడుతున్నాయని విల్సన్ చమత్కరించారట.

టెలిగ్రాం పోయి రేడియో, రేడియో పోయి టీవీ వచ్చింది. 1952లో ఐసెన్‌హోవర్ చేతిలో ఓడిన అడ్లాయ్ స్టీవెన్సన్ టీవీలో మాట్లాడుతూ లింకన్ చెప్పాడనే ఒక పిట్టకథ చెప్పారు. చీకట్లో కాలి బొటనవేలికి దెబ్బ తగిలిన పిల్లవాడు ఏడవడానికి పెద్దవాడైపోయాడు, నవ్వడానికేమో నొప్పి ఎక్కువగా ఉంది. ఓటమిని ఇంతకన్నా నిజాయితీగా ఎవరూ చెప్పలేదని నాకనిపిస్తుంది. ఏమీ బాధ లేనట్టు నటించలేదు, బాధను కోపంగానూ మార్చలేదు.

ఇక 2000 సంవత్సరం ఎన్నిక కథ వేరు. ఫ్లోరిడా రాష్ట్రం ఎవరిదైతే అధ్యక్ష పదవి వారిదే అన్న పరిస్థితి. తెల్లవారుజామున రెండు దాటాక చానళ్లన్నీ ఫ్లోరిడా బుష్‌దే అని ప్రకటించాయి. అల్ గోర్ అది చూసి బుష్‌కు ఫోన్‌చేసి ఓటమి ఒప్పుకున్నారు. నాష్‌విల్‌లో తనవాళ్లు వానలో ఎదురుచూస్తున్నారు. వాళ్ల ముందు ఆ మాట చెప్పడానికి కార్లో బయలుదేరారు. దారిలో ఉండగానే తేడా గంట గంటకూ కరిగిపోతోందని అనుచరులకు కబురు అందింది. ప్రసంగం ఆపేసి, గోర్ మళ్లీ బుష్‌కు ఫోన్ చేశారు. ఇందాక చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నానన్నారు! అవతల బుష్‌కు ఒళ్లు మండిందంటే ఆశ్చర్యం లేదు. ఇద్దరి మధ్యా ఆ ఫోన్లో కాస్త కటువుగానే మాటలు నడిచాయి.

ఆ తర్వాత 36 రోజుల పాటు రీకౌంటింగులు, కోర్టులు. చివరికి ఫ్లోరిడాలో తేడా 537 ఓట్లు. డిసెంబరు 12న సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో రీకౌంటింగు ఆపేసింది. దేశం మొత్తం మీద చూస్తే గోర్‌కే బుష్‌కన్నా 5 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ. ఇంత జరిగాక ఆయన కోపంతో ఊగిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదేమో. మర్నాడు 13వ తేదీన టీవీలోకి వచ్చి, బుష్‌కు ఫోన్ చేశానని, ఈసారి మళ్లీ ఫోన్ చేయనని మాటిచ్చానని నవ్వుతూ మొదలుపెట్టారు. కోర్టు తీర్పుతో తాను గట్టిగా విభేదిస్తున్నానన్నారు, అయినా ఆ తీర్పును అంగీకరిస్తున్నానన్నారు. ఈ రెండు మాటలూ ఒకే నోటితో అనడం గమనించాలి. ఒప్పుకోవడం అంటే "జరిగింది న్యాయమే" అనడం కాదు, "ఇక్కడితో పోరు ఆపుతున్నాను" అనడం. 2001 జనవరి 6న ఎలక్టర్ల ఓట్లు విప్పినప్పుడు సభకు అధ్యక్షత వహించింది ఉపాధ్యక్షుడి హోదాలో గోరే. తన ఓటమిని తానే చదివి వినిపించారు. 1961లో నిక్సన్‌కు, 2025లో కమలా హారిస్‌కు కూడా ఇదే పని పడింది. ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి! మన పదో తరగతి ఫెయిలైన నంబర్లను మనచేతే నోటీసు బోర్డు దగ్గర చదివించినట్టు.

ఇంతకీ ఈ మాట ఎవరితో చెబుతున్నట్టు? పైకి చూస్తే గెలిచినవారితో. నిజానికి గెలిచినవారికి ఆ మాటతో పెద్ద పని లేదు, ఓట్లు వచ్చాయి, చాలు. ఆ మాట వినాల్సింది ఓడినవారి వెనక నడిచినవాళ్లు. జెండాలు మోసినవాళ్లు, గోడల మీద రాసినవాళ్లు, ఇంటిపక్కవాళ్లతో తగవు తెచ్చుకున్నవాళ్లు. "ఇక చాలు, ఇళ్లకు వెళ్లండి, పొద్దున లేచి పనులు చూసుకోండి" అని వాళ్లకు చెప్పగలిగినవారు వాళ్ల నాయకుడు ఒక్కరే. అవతలివాళ్లు చెబితే వెటకారం అవుతుంది. పోలీసులు చెబితే బెదిరింపు అవుతుంది.

2008 నవంబరు 4 రాత్రి ఫీనిక్స్‌లో జాన్ మెకెయిన్ చేసింది ఇదే. ఒబామాకు ఫోన్‌చేసి అభినందించానని చెప్పగానే ఆయన సొంత జనమే గేలి చేశారు. ఆయన చేతులెత్తి వాళ్లను ఊరుకోమన్నారు. ఒబామాను పెంచిన అమ్మమ్మ సరిగ్గా పోలింగుకు ముందే చనిపోయారు. ఆవిడ ఈ రోజు చూడలేకపోయినందుకు విచారం తెలిపారు. ఆ ప్రసంగంలో ఇంకో విషయం ఉంది. మన హాస్టల్లో చదివినవాళ్లకు అది గుచ్చుకోక మానదు.

వందేళ్ల కిందటి సంగతి ఒకటి మెకెయిన్ గుర్తుచేశారు. 1901లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ బుకర్ టి. వాషింగ్టన్‌ను వైట్‌హౌస్‌కు భోజనానికి పిలిచారు. బుకర్ టి. వాషింగ్టన్ బానిసగా పుట్టి, చదువుకుని, టస్కీగీలో నల్లజాతి పిల్లల కోసం పెద్ద విద్యాసంస్థను నడిపినవాడు. అధ్యక్షుడు ఒక నల్లవాడిని తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకుని అన్నం పెట్టాడని దేశంలో చాలామంది మండిపడ్డారు. పత్రికలు తిట్టిపోశాయి. పక్కన కూర్చుని తినడానికే అంత గొడవ! ఆ రోజులకూ ఈ రోజుకూ ఎంతో దూరం వచ్చామని, ఒక నల్లజాతీయుడు అధ్యక్షుడిగా ఎన్నిక కావడమే దానికి రుజువని మెకెయిన్ అన్నారు. వివక్ష ఆయన అన్నంత దూరం పోయిందని నేను నమ్మను, అక్కడి వార్తలు చదివేవారెవరూ నమ్మరు. అయితే ఆ మాట ఓడినవాడి నోట, ఆ ఓటమి మింగుడుపడని జనం ముందు వచ్చింది. గెలిచిన ఒబామా అదే మాట అని ఉంటే దాని బరువు వేరు. పంక్తిలో పక్కన కూర్చోనివ్వకపోవడం అంటే ఏమిటో మనకు పుస్తకం చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు, అందుకే ఈ ప్రసంగం చదివి నేను చాలాసేపు అక్కడే ఆగిపోయాను.

ఇదంతా అమెరికా సంగతి, మనకేం పని అని అడగవచ్చు. మా ఊరి సంగతి చెబుతాను. 2019 జనవరిలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. అప్పుడు నేను ఇంటర్. పంచాయతీ ఎన్నికల్లో మధ్యాహ్నం దాకా పోలింగు, అన్నం తిన్నాక లెక్కింపు, పొద్దుగూకేలోపు ఫలితం. 17 ఓట్లతో తేలింది. గెలిచినాయన ఊరేగింపు పెద్ద రోడ్డు మీద పోవచ్చు, కానీ డప్పులతో, టపాకాయలతో మా వాడలోకే వచ్చింది. మావాళ్లలో సగం మంది అవతలాయన వెంట తిరిగారని అందరికీ తెలుసు. ఆ అవతలాయనేమో ఫోన్ బంద్ చేసి పట్నం వెళ్లిపోయాడు. ఓడాం, ఊరుకోండి అని ఆయన తనవాళ్లకు చెప్పలేదు. గెలిచాం, ఊరుకోండి అని ఈయనా తనవాళ్లకు చెప్పలేదు. ఆ రాత్రి మా సందులో రెండు తలలు పగిలాయి. ఆ యాసంగి నాట్లకు మా అమ్మ ఉన్న ముఠాను గెలిచినవారి పొలాల్లోకి పిలవలేదు. పక్క ఊళ్లకు నడిచి పోయారు. ఆర్నెల్లు తిరక్కుండానే ఆ అభ్యర్థులిద్దరూ ఒక పెళ్లిలో పక్కపక్కన కూర్చుని భోంచేయడం నేను కళ్లారా చూశాను. వాళ్ల మధ్య ఏ పగా లేదు. పగ అంతా మా వాడలోనే మిగిలిపోయింది.

కాబట్టి నా లెక్క ప్రకారం ఈ మర్యాద పెద్దమనుషుల మధ్య మర్యాద కాదు. పెద్దమనుషులు ఎలాగూ కలిసిపోతారు. ఇది వాళ్ల వెనక నడిచిన చిన్నవాళ్ల కూలికీ, ఒంటికీ సంబంధించిన విషయం.

చట్టం వరకు చూస్తే మన పద్ధతి అమెరికాకన్నా స్పష్టంగా ఉంది. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లో ఫలితాన్ని ప్రకటించేది రిటర్నింగ్ అధికారి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 66వ సెక్షను ఆ అధికారం ఆయనకిచ్చింది. గెలిచినవారికి ఆయన ఇచ్చే ధ్రువపత్రమే ప్రమాణం. ఓడినవారు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా దానికేమీ తేడా రాదు. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ 9 ఓట్లతో గెలిచారు. మన హాస్టల్లో ఒక్కో గదిలో పడుకునేదే అంతకన్నా ఎక్కువమంది! 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో ముఖ్యమంత్రి పదవికి పోటీలో ఉన్న సి.పి. జోషి ఒకే ఒక్క ఓటుతో ఓడారు. ఓట్లు సమానమైతే చట్టం ప్రకారం చీటీ తీస్తారు. బహుశా ఇంత కచ్చితంగా ఉండబట్టే మన దగ్గర ఓడినవారు మాట్లాడే అలవాటు బలపడలేదు. మాట్లాడినా "ప్రజాతీర్పును శిరసావహిస్తున్నాం" అన్న అరిగిపోయిన వాక్యం ఒకటి వస్తుంది. గెలిచినవారి పేరు మాత్రం నోట రాదు. ఆ వెంటనే ఓటింగు యంత్రాల మీదో, డబ్బు మీదో నింద మొదలవుతుంది.

అలాగని మంచి ఉదాహరణలు లేవని కాదు. 1977లో ఇందిరాగాంధీ రాయ్‌బరేలీలో రాజ్‌నారాయణ్ చేతిలో 55 వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు, పార్టీ కూడా ఓడింది. ఎమర్జెన్సీ ఇంకా అధికారికంగా అమల్లోనే ఉంది. దాన్ని ఎత్తివేయించి, రాజీనామా ఇచ్చి, ప్రజల ఉమ్మడి తీర్పును గౌరవించాలని, వినయంతో అంగీకరిస్తున్నామని ప్రకటించారు. ఎమర్జెన్సీ పెట్టినందుకు ఆమెను విమర్శించేవారు కూడా ఈ ఒక్క పనిని కాదనలేరు.

గెలిచినవారికీ మర్యాద ఉంది. అందులో మొదటిది, లెక్క పూర్తికాకుండా గెలిచామని అనకపోవడం. 2020 నవంబరు 4 తెల్లవారుజామున, ఇంకా లక్షల ఓట్లు లెక్కపెట్టాల్సి ఉండగానే, డొనాల్డ్ ట్రంప్ వైట్‌హౌస్‌లో నిలబడి తాము గెలిచినట్టేనని చెప్పేశారు. ఆ ఏడు కరోనా వల్ల చాలామంది పోస్టులో ఓటేశారు. పెన్సిల్వేనియా వంటి చోట్ల ఆ కవర్లను పోలింగు రోజు ఉదయం దాకా విప్పడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి అవి ఆలస్యంగా తేలుతాయని, వాటిలో డెమోక్రాట్ల ఓట్లు ఎక్కువ ఉంటాయని ముందే తెలిసిన విషయం. కానీ "గెలిచాం" అని విన్న జనానికి ఆ తర్వాత పెరిగే ప్రతి అంకె దొంగతనంలాగే కనబడింది. తొందరపడి గెలిచామని చెప్పడంలో ఉన్న అపాయం అదే. బైడెన్‌కు 306 ఎలక్టోరల్ ఓట్లు, ట్రంప్‌కు 232 వచ్చాయి. 60కి పైగా కేసులు వేసినా ఫలితం మారలేదు. 2021 జనవరి 6న జనం కాపిటల్ భవనం మీద పడి తలుపులు బద్దలుకొట్టారు. ప్రాణాలు పోయాయి. అదే దేశంలో 1993 జనవరిలో పదవి దిగిపోతూ సీనియర్ బుష్, తనను ఓడించిన క్లింటన్ కోసం బల్ల మీద ఒక చీటీ రాసి పెట్టి వెళ్లారు. ఇక నుంచి మీ విజయమే దేశం విజయం, మీ మేలు కోరుతున్నాను అని దాని సారాంశం.

మరి అన్యాయం జరిగిందని నిజంగా అనిపించినప్పుడు? అప్పుడూ నవ్వుతూ చేయి కలపాలా? ఈ ప్రశ్న మనలాంటివాళ్లకు ముఖ్యం, ఎందుకంటే "మర్యాద" పేరుతో నోరు మూయించడం మనకు కొత్త కాదు. 2018లో జార్జియా రాష్ట్ర గవర్నర్ పదవికి పోటీచేసిన నల్లజాతి మహిళ స్టేసీ అబ్రామ్స్ సుమారు 55 వేల ఓట్లతో ఓడారు. ఓటర్ల జాబితా నుంచి పెద్ద ఎత్తున పేర్లు తీసేశారని ఆమె ఫిర్యాదు. ఆ జాబితాలను చూసే పదవిలో ఉన్నది ఆమె ప్రత్యర్థి బ్రయాన్ కెంపే. గవర్నరుగా ధ్రువపత్రం అందుకునేది ఆయనేనని ఆమె ఒప్పుకున్నారు, కానీ దీన్ని కన్సెషన్ అనను, జరిగింది సరైనదని చెప్పలేను అన్నారు. దీని మీద అక్కడ ఇప్పటికీ వాదన ఉంది. ఫలితాన్ని కాదని జనాన్ని ఉసిగొల్పలేదు, పద్ధతిని తప్పుపట్టారు. ఆ గీత దాటనంతవరకు నేను ఆమె వైపే.

అంబేద్కర్ కూడా ఓడిన మనిషే. 1952లో మొదటి సార్వత్రిక ఎన్నికల్లో ఉత్తర బొంబాయిలో కాంగ్రెస్ అభ్యర్థి కజ్రోల్కర్ చేతిలో పద్నాలుగు వేల పైచిలుకు ఓట్లతో ఓడారు. రాజ్యాంగం రాసినాయన అదే రాజ్యాంగం కింద జరిగిన తొలి ఎన్నికలో ఓడిపోయారు. ఫలితం మీద ఆయనకు అభ్యంతరాలున్నాయి. సోషలిస్టు నాయకుడు అశోక్ మెహతాతో కలిసి ఎన్నికల ట్రిబ్యునల్‌కు పిటిషన్ పెట్టుకున్నారు, అది కొట్టేశారు. అదే ఏడాది రాజ్యసభకు వెళ్లి తన మాట తాను మాట్లాడుతూనే ఉన్నారు.

మన సీనియర్లలో చాలామంది ఇప్పుడు ఊళ్లలో కౌంటింగ్ ఏజెంట్లుగా కూర్చుంటున్నారు. అందుకని ఒక పనికొచ్చే సంగతి. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లో మొత్తం ఓట్ల లెక్క చదివాక రిటర్నింగ్ అధికారి కాస్త ఆగుతారు. రీకౌంటింగు అడగాలంటే అప్పుడే అడగాలి. నోటితో అరిస్తే చాలదు, కాగితం మీద కారణాలతో రాసివ్వాలి. ఒప్పుకుంటారా లేదా అన్నది ఆయన నిర్ణయం, కాదంటే కారణం రాయాలి. ఫలితాల పట్టిక మీద ఆయన సంతకం పడ్డాక ఎవరు ఎంత అడిగినా రీకౌంటింగు ఉండదు. ఇక మిగిలేది హైకోర్టులో ఎన్నికల పిటిషనే, అది 45 రోజుల్లోపు వేయాలి. పంచాయతీలకు నిబంధనలు వేరు, వాటిని పోలింగుకు ముందే అధికారిని అడిగి తెలుసుకుని వెళ్లండి.